రూఫస్ లాంటి అబ్బాయిలు ఉండరట

ఉండరట. రూఫస్ లాంటి అబ్బాయిలు నిజంగా ఎక్కడా ఉండరట, ఇలాంటి వాళ్ళు కథల్లోనే దొరుకుతారట, రాసినావిడ భాష బాగుంది గానీ హీరోని మరీ దేవదూతని చేసేసిందట, అందుకని ఫోన్లో ఈ పిల్ల అయిదు నక్షత్రాల్లో మూడే ఇస్తోందట. ఫోటో చూస్తే ఇంటర్ కూడా దాటినట్టు లేదు, జడ ముందుకేసుకుని బుగ్గ మీద వేలు పెట్టుకుని నవ్వుతోంది. నీకేం తెలుసే, ఎవరుంటారో ఎవరుండరో? నేను కన్నాను వాణ్ణి. గూడూరులో, మే నెల ఎండలో, కరెంటు పోయిన గదిలో కన్నాను. దేవదూత ఏం కాదు, తడి తువ్వాలు మంచం మీద వేసేవాడు, చెప్పిన పని ఒక్కటీ చెప్పినప్పుడు చేసేవాడు కాదు. అయినా ఉన్నాడు. ఇప్పుడు కూడా ఉన్నాడు, నేను కూర్చున్న చోటికి మూరెడు దూరంలో, ఈ సున్నం కింద. సున్నం ఇంకా ఆరలేదు.

ముట్టుకుంటే వేలికి అంటుకుంటోంది. కొట్టినప్పుడు సున్నం తెల్లగా ఉండదు, బియ్యం కడిగిన నీళ్ళలా ఉంటుంది, ఇంతేనా అనిపిస్తుంది, ఆరేకొద్దీ తెలుపు పైకి వస్తుంది. పూర్తిగా తెల్లబడందే దాని మీద పేరు రాయకూడదు, నల్లరంగు పాకిపోతుంది. రేపు ఈస్టరు. తెల్లారక ముందే చర్చి సంఘమంతా ఇక్కడికి వస్తుంది, పాటలు పాడుకుంటూ, కొవ్వొత్తులు పట్టుకుని, ఎవరి మనుషుల దగ్గర వాళ్ళు నిలబడతారు. అందుకని ముందు రోజే గడ్డి పీకి, సున్నం కొట్టి, పేర్లు దిద్దుకోవాలి. అందరూ పొద్దున్నే వచ్చి కొట్టుకుని పోయారు. మేం ఎప్పుడూ మధ్యాహ్నమే వస్తాం, దావీదుకి నలుగురిలో ఈ పని చేయడం ఇష్టం ఉండదు. ఇప్పుడు ఈ సమాధుల దొడ్లో నేనొక్కదాన్నే. గోడ అవతల చిట్టమూరు రోడ్డు, రోడ్డు అవతల కోసేసిన మళ్ళు, ఆ వెనక ఎక్కడో పులికాటు చెరువు, అక్కడ్నించి గాలి వస్తే నాలిక మీద ఉప్పు తెలుస్తుంది. పోయినేడాది నల్లరంగు డబ్బా తెరిచి చూస్తే గడ్డకట్టి ఉంది. "మూత ఎవురు పెట్టినారు?" అన్నాడు దావీదు. "నువ్వే పెట్టినావు," అన్నాను. ఇవాళ మా ఇద్దరి మధ్య జరిగిన మాటలు అవే. బండి తీసి నాయుడుపేట పోయాడు రంగుకి.

మా ఆయన దావీదు నిమ్మకాయల లారీ తోలతాడు. మంచివాడే. తాగడు, అరవడు. పిల్లోడు పోయిన రోజు నుంచి మాత్రం వాడి పేరు నోటితో పలకలేదు. నేను పలికితే లేచి చెప్పులేసుకుని బయటికి పోతాడు, ఎండలో అయినా సరే, వానలో అయినా సరే. మొదట్లో కోపం వచ్చేది, గోడతో కాపురం చేస్తున్నానా అనిపించేది, ఇప్పుడు కోపం కూడా అలవాటైపోయింది. ఏడాదికి ఒక్కసారి, ఈస్టరు ముందు రోజు, మోకాళ్ళ మీద కూర్చుని కుంచె పట్టుకుని ఆ పేరు రాస్తాడు. సుశీల్ కుమార్. నోరు తెరవకుండా రాస్తాడు. పక్కన నేను డబ్బా పట్టుకుని నిలబడతాను. ఒక్కగానొక్క కొడుకు గురించి మేమిద్దరం కలిసి చేసే పని అదొక్కటే మిగిలింది. ఈసారి రంగు తేవడానికి పోయి గంట కావస్తోంది, ఏ టీ కొట్టు ముందో బండాపి కూర్చుని ఉంటాడు, నాకు తెలుసు.

ఆయన రాకముందే ఫోన్లోకి వచ్చేస్తే బాగుండు. ఆయన రాకముందే చదివేసుకుంటే బాగుండు. లేదు లేదు, రాకుండా ఉంటేనే బాగుండు, ఇవాళ కాదు, ఎప్పటికీ. చివరి భాగం అది. 'నిన్నటి బస్సు' అని నవల, ఫోన్లో ప్రతి శుక్రవారం ఒక భాగం వస్తుంది, రాసే ఆవిడ అసలు పేరు పెట్టుకోలేదు, 'ఉప్పుగాలి' అని పెట్టుకుంది. నీలవేణి అనే అమ్మాయి ఒక పాత బస్సెక్కుతుంది, ఎక్కితే అది గడిచిపోయిన రోజుల్లోకి తీసుకుపోతుంది, అక్కడ రూఫస్ ఉంటాడు. ఇప్పటి కాలంలో రూఫస్ బైకు ప్రమాదంలో చనిపోయాడు. ఆ కాలంలో వాడికా సంగతి తెలియదు, నీలవేణికి తెలుసు. తెలిసి వాడి పక్కన కూర్చుని కబుర్లు చెప్తుంది. జరిగినదాన్ని మార్చకూడదు, మారిస్తే బస్సు ఇక రాదు, అదీ షరతు. పోయిన వారం కింద రాసింది: వచ్చేది చివరి భాగం, రూఫస్‌ని బతికించాలా వద్దా, మీ అభిప్రాయాలు చెప్పండి. ఇక చూడు. అక్కా ప్లీజ్ అక్కా చంపొద్దు అని ఒకరు. చంపితేనే క్లాసిక్ అవుతుంది అని ఒకరు. వాడేమన్నా కోడిపెట్టా, చంపితే కూర అవడానికి? నీలవేణి బైకు తాళం దాచేస్తే సరిపోతుంది కదా, ఇంత చిన్న ఐడియా రాలేదా అని ఒక మహా తెలివైనవాడు. క్రాంతి కుమార్ అని ఇంజనీరింగు పిల్లాడు ఒకడు ఉన్నాడు, ప్రతి భాగం కిందా పేజీలు పేజీలు రాస్తాడు, వెనక్కి పోయినప్పుడు అక్కడ ఆ కాలపు నీలవేణి ఇంకొకతె ఉండాలి కదా, ఆమె ఏమైపోయింది, లాజిక్ లేదు అంటాడు. కాలంలో వెనక్కి పోవడం అసలెలా సాధ్యం అంటాడు. నాయనా, వెనక్కి పోవడం ఎంతసేపు? వాడి చొక్కా ఒకటి ఉతక్కుండా దాచాను, బీరువా తలుపు తీస్తే పోతాను. నాకు ముందుకి పోవడమే చేతకావడం లేదు.

ఈ చదువుడు పిచ్చి నాకు ఏంజెలిన్ వల్ల అంటింది. మా వీధి చివర పిల్ల, డిగ్రీ చదువుతోంది, నోరు మూతపడదు. నాయుడుపేటలో మా టైలరు షాపుకి జాకెట్టు హుక్కులు మార్పించుకోవడానికి వచ్చింది. ఎవరొచ్చినా నా మొదటి మాట ఒకటే, ఆది జాకెట్టు తెచ్చినావా అని. ఒంటికి సరిపోయిన పాత జాకెట్టు ఒకటి ముందు పెడితే దాన్ని చూసి కొత్తది కత్తిరిస్తాను, టేపుతో కొలిచే ఓపిక ఎప్పుడో పోయింది. "హుక్కులకి ఆదెందుకు ఆంటీ," అని ఏంజెలిన్ స్టూలు మీద కూర్చుని ఫోను తీసి, ఊరికే ఉండక, "వినండాంటీ, ఎంత క్యూటో," అని చదవడం మొదలుపెట్టింది. నేను సగమే వింటున్నాను, మిషను నడుస్తోంది. రూఫస్ బస్సు టికెట్టు సన్నగా చుట్టి గడియారం పట్టీ కింద దోపుకున్నాడు అని చదివింది. కాలు ఆగింది. మావాడూ అంతే, అయినా ఎవరైనా చేస్తారులే అనుకున్నాను. బస్సు టైరు పంచరైతే అందరూ తిడుతున్నారు, రూఫస్ మాత్రం కిందకి దిగి నవ్వుతూ "అయితే ఏందంట ఇప్పుడు?" అన్నాడు అని చదివింది. పరీక్ష తప్పినా, పాలు విరిగినా, వాళ్ళ నాన్న లారీ గుంటలో దిగబడినా వాడు అనే మాట అది. సూది వేలిలో దిగింది నాకు. ఏంజెలిన్ కెవ్వుమంది, నేను అనలేదు. ఆ యాప్ నా ఫోన్లో కూడా పెట్టు అన్నాను. పేరేం పెట్టాలాంటీ అంటే నీ ఇష్టమే అన్నాను. 'బ్లూ బటర్‌ఫ్లై' అని పెట్టింది, దాని మొహం.

చదివాను. మొదట్నించి చదివాను. తల్లిని, నాకు కొన్ని తెలుసు, కొన్ని తెలియవు. చెరువులో నీళ్ళు తగ్గినప్పుడు వాడు ప్యాంటు మడిచి బురదలోకి దిగి ఎర్రకాళ్ళ కొంగల దగ్గరికి పోవాలని చూసి మోకాలి దాకా కూరుకుపోయాడంట, నీలవేణి వాళ్ళ తాత తాడేసి లాగాడంట. ఆ రోజు ప్యాంటుకి బురదేందిరా అంటే మా కంపెనీ ముందు కాలవ అన్నాడు నాతో. అబద్ధాలకోరు వెధవ. ఆ పిల్లది పడవలవాళ్ళ ఇల్లు, నాయనమ్మ ఎండురొయ్యలు అమ్ముతుంది. కాగితం పొట్లంలో రొయ్యలు తెచ్చి, "ఎవురో ఇచ్చినార్లే మా, వంకాయలో ఎయ్యి," అనేవాడు. ఎవరో. చదివేవాళ్ళకి అది కథ, కథ కాదని నాకు తెలుసు. నాలుగో భాగమో అయిదో భాగమో, రూఫస్ పులిహోర తింటూ వేరుశెనగ గుళ్ళు ముందే ఏరుకుని తినేశాడు అని రాసింది. ఎంత చిరాకేసిందంటే, అప్పటికప్పుడు కింద రాశాను. మా సంఘంలో లేచి సాక్ష్యం చెప్పేటప్పుడు ఎలా మొదలుపెడతామో అలాగే రాశాను, నాకు ఇంకోలా మొదలుపెట్టడం రాదు. 'ప్రభువు నామమున అందరికీ వందనాలు. రూఫస్ గుళ్ళు ముందు తినడు. పక్కకి పెట్టుకుని చివర తింటాడు. సరిచేయగలరు.' ఇక చూడు నవ్వులు. వందనాలు బటర్‌ఫ్లై గారూ అని ఒకరు, రాసినావిడ కంటే మీకే ఎక్కువ తెలుసా ఆంటీ అని ఒకరు, ఆంటీ రూఫస్‌కి అత్తగారిలా ఉందే అని ఒకడు. ఉప్పుగాలి ఏమీ అనలేదు. అందరికీ జవాబులు రాస్తుంది, నాకు రాయలేదు, ఎర్ర గుండె గుర్తు ఒకటి పెట్టి ఊరుకుంది. మళ్ళీ శుక్రవారం తెరిచి చూస్తే, గుళ్ళన్నీ విస్తరి అంచున వరసగా పెట్టుకుని, నీలవేణి ఒకటి దొంగిలించబోతే చేతి మీద కొట్టాడు రూఫస్. నేను మిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను. షాపుకొచ్చినావిడ జాకెట్టు పాడైందేమో అనుకుని కంగారు పడింది.

ఇంకా అనుమానం ఉండేది నాకు, అంత తేలిగ్గా నమ్మే మనిషిని కాను. అది తీరింది గుడ్ ఫ్రైడే దగ్గర. నీలవేణికి చర్చి సంగతులు తెలియవు, పండగే కదా అనుకుంది, కొత్త చుడీదారు వేసుకుని బస్టాండులో ఎదురొచ్చి చెయ్యి చాచి "హ్యాపీ గుడ్ ఫ్రైడే" అంది. రూఫస్ నవ్వలేదు. చెయ్యి కలిపి, "థ్యాంక్యూ, నీక్కూడా," అన్నాడు. ఆ పిల్ల అంత సంతోషంగా చెప్తే ఇది ఏడ్చే రోజు అని ఎలా చెప్పడం అనుకున్నాడంట. కింద అందరూ పొట్టలు పట్టుకుని నవ్వే బొమ్మలు పెట్టారు. నేను ఆ ముక్క మళ్ళీ మొదట్నించి చదివాను. ఆ శుక్రవారం మూడు గంటల ఆరాధన అయ్యి ఇంటికొచ్చాక గంజి తాగుతూ వీడు తనలో తను నవ్వుకున్నాడు, గంజి ముక్కులోకి పోయి దగ్గు. ఏందిరా అంటే, "ఎవురో నాకు హ్యాపీ గుడ్ ఫ్రైడే చెప్పినార్లే మా," అన్నాడు. "ఎవురురా ఆ తెలివి తక్కువది?" అన్నాను. "తెలివి తక్కువది కాదు మా," అన్నాడు, ఇంకేదో అనబోయి ఆగాడు, గిన్నె పట్టుకుని పెరట్లోకి పోయాడు. ఆ ఏడాది చివర్లోనే హైవే మీద పోయాడు. ఆగిపోయిన ఆ మాట ఏంటో నాకు ఇన్నేళ్ళకి బస్టాండు మధ్యలో దొరికింది.

దావీదుకి చెప్పలేదు. చెప్పబోతే పేరు పలకాలి, పలికితే చెప్పులేసుకుంటాడు. ఏంజెలిన్‌కి చెప్పలేదు, చెప్తే రాత్రికల్లా నాయుడుపేటంతా తెలుస్తుంది. రాసే ఆ పిల్లకే, ఆ నీలవేణికే రాయొచ్చు, విడిగా మెసేజు పెట్టే దారి ఉందట, నేను వాడి అమ్మని అని రాయొచ్చు. రాస్తే భయపడి ఆపేస్తే? అదీ నా భయం. అసలు సంగతి సిగ్గు విడిచి చెప్పాలంటే, చనిపోయినవాళ్ళు కొత్తగా ఏమీ చెయ్యరు. ఉన్నవే మళ్ళీ మళ్ళీ తలుచుకోవాలి, తలుచుకుని తలుచుకుని అవీ అరిగిపోతాయి, మొహం కూడా ఫోటోలో మొహమే గుర్తొస్తుంది గానీ వేరేది రాదు. నా కొడుకు మాత్రం శుక్రవారం శుక్రవారం కొత్తగా ఏదో చేస్తున్నాడు. బురదలో దిగబడ్డాడు. ఎవరిదో పడవ అడిగి తోసి దాన్ని గుండ్రంగా తిప్పాడు. ఒక పిల్లకి భయపడ్డాడు, ఒక పిల్ల కోసం పాట నేర్చుకుని పాడలేకపోయాడు. గురువారం రాత్రి నుంచి నాకు ఆకలయ్యేది కాదు, రేపు వీడేం చేస్తాడో అని, బడి నుంచి వచ్చేదాకా ఎదురు చూసినట్టు. ఇవాళ్టితో అయిపోతుంది. బతికిస్తుందా చంపుతుందా అని వీళ్ళు కొట్టుకు చస్తున్నారు, బతికించినా సమాప్తం అనే రాస్తుంది కదే! ఆ మాట తరవాత వాడు చేసేది ఏమీ ఉండదు. అభిప్రాయం చెప్పమంది. నా అభిప్రాయం ఎన్నిసార్లు కొట్టి చెరిపేశానో. వందనాలు, అయిపోగొట్టమాకు, అని. వందనాలు, ఇంకా రాయి, ఏదో ఒకటి రాయి, వాడు పళ్ళు తోముకున్నాడని రాసినా సరే, అని. పంపలేదు. చదివేవాళ్ళు నవ్వుతారని కాదు. బతిమాలడం నాకు చేతకాదు. నిన్న గుడ్ ఫ్రైడే, పెట్టాల్సిన భాగం పెట్టలేదు, రేపు పెడతాను, ఇవాళ అలాంటి రోజు కాదు అని రాసింది. చూశావా, నేర్చుకుంది.

ఫోను మోగింది. దావీదేమో అనుకున్నాను. కాదు. వచ్చింది. సున్నం సగం తెల్లబడింది, తల వైపు తెలుపు, కాళ్ళ వైపు ఇంకా నీళ్ళ రంగు. వేలు తుడుచుకుని తెరిచాను. ఆ రోజు పొద్దున రూఫస్ బండి తీస్తున్నాడు, నీలవేణి తాళం లాక్కుని పిడికిట్లో మూసేసింది. హమ్మయ్య అన్నాను పైకే, గోడ మీద కాకి లేచిపోయింది. ఆ రోజంతా వాడు పోలేదు. చెరువు గట్టున కూర్చున్నారు, ఎండురొయ్యలు తిన్నారు, ఇంకా కోపమేనా తాళం ఇవ్వవా అని అడిగాడు, సరే అయితే ఏందంట ఇప్పుడు అన్నాడు, పొద్దు గూకింది. పిడికిలి విప్పి చూసుకుంటే తాళం లేదు. సన్నగా చుట్టిన బస్సు టికెట్టు ఉంది. కళ్ళెత్తితే బస్సులో ఉంది, పక్క సీటు ఖాళీ. వద్దనుకున్నాను గానీ నాకు తెలుసు, నేనైనా ఇంతే రాస్తాను, ఎన్నిసార్లు ఆ తాళం లాక్కున్నానో నాకు తెలుసు. అక్కడ అయిపోతుందనుకున్నాను. అవలేదు. బస్సు నాయుడుపేటలో ఆగింది, నీలవేణి దిగి ఒక వీధిలోకి నడిచింది. చేతిలో నీలం రంగు జాకెట్టు గుడ్డ. ఒక టైలరు షాపు ముందు ఆగింది. లోపల మిషను నడుస్తోంది. రూఫస్ ఫోను చేసినప్పుడల్లా వెనకాల వినిపించిన చప్పుడు అదే. లోపలికి పోయి నేనెవరో చెప్పాలా, ఊరికే కొలతలు ఇచ్చి రావాలా అని ఆలోచిస్తూ గడప దగ్గర నిలబడింది. మిషను ఆగింది. లోపల్నించి ఆవిడ తల ఎత్తకుండా, "ఆది జాకెట్టు తెచ్చినావా?" అంది. నీలవేణి తేలేదు. ఆ సంగతి తనకి తెలియదు. మళ్ళీ వస్తానండీ అని వెనక్కి తిరిగింది. సమాప్తం.

నీలం గుడ్డ. ఎప్పుడు? పోయిన వానాకాలమా? ఎవరో వచ్చారు, నల్లగా సన్నగా, చెప్పులు విడిచి గడప దగ్గరే నిలబడింది, చర్చి కాదమ్మా చెప్పులతో రావొచ్చు అందామనుకున్నాను, అనలేదు, జాకెట్టు చంక అతుకుతున్నాను, తల ఎత్తితే కుట్టు తప్పుతుంది. మళ్ళీ వస్తానండీ. రోజూ ఎంతమంది అంటారు ఆ మాట! మొహం గుర్తు తెచ్చుకుందామంటే కాళ్ళే గుర్తొస్తున్నాయి, వెండి పట్టీలు. కళ్ళు మసకేశాయి, ఫోను అక్షరాలు అలుక్కుపోయాయి, కింద చూస్తే అప్పుడే వచ్చి పడుతున్నారు అందరూ. ఇదేం ఎండింగు? షాపులోకి పోయిందా లేదా? ఆది జాకెట్టు ఏంటి మధ్యలో? టైలరమ్మ ఎవరు, ఇంతకుముందు భాగాల్లో లేదే? క్రాంతి కుమార్ అయితే కథకి సంబంధం లేని పాత్రని చివర్లో తేకూడదని రాశాడు. సంబంధం లేని పాత్ర. ఆ మూడు నక్షత్రాల పిల్ల ఒక్క నక్షత్రానికి దించేసింది. ఉప్పుగాలి ఎవరికీ జవాబు రాయలేదు.

రాశాను. ఈసారి చెరపలేదు, తప్పులు కూడా చూసుకోలేదు. 'ప్రభువు నామమున అందరికీ వందనాలు. కథ బాగుంది. అయిదు నక్షత్రాలు. ఆది జాకెట్టు లేకపోయినా పర్లేదమ్మా, టేపుతో కొలత తీస్తాను. రేపు ఆదివారం షాపు ఉండదు. తెల్లారేసరికి చిట్టమూరు రోడ్డు పక్కన సమాధుల దొడ్లో ఆరాధన, మీ చెరువు వైపు నుంచి వచ్చే మొదటి బస్సు ఈ గోడ పక్కనుంచే పోతుంది. ఆపమంటే ఆపుతాడు. హ్యాపీ గుడ్ ఫ్రైడే అనమాకు, అది నిన్న అయిపోయింది. రేపు ఏం చెప్పాలో నేను నేర్పిస్తాను.' పంపించి ఫోను బోర్లా పెట్టాను. ఏం చేశానో ఏమో. వస్తుందా? ఎందుకు రావాలి? రాకపోతే ఈ దొడ్లో పదిమందీ పాడుతుంటే నేను గోడ వైపే చూస్తూ నిలబడాలి, దానికి నన్ను నేనే తోసుకున్నాను.

దావీదు వచ్చాడు. డబ్బా మూత తీశాడు, పుల్లతో కలిపాడు, సున్నం మీద వేలు పెట్టి చూశాడు, ఆరింది. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. 'సు' రాశాడు. కొమ్ము దగ్గర ఆగి కుంచె మళ్ళీ రంగులో ముంచుతాడు ఆయన, ప్రతి ఏడాదీ అక్కడే ముంచుతాడు. నేను డబ్బా పట్టుకున్నాను. అప్పుడు ఫోను గుర్రుమంది. ఒక చేత్తోనే తిప్పి చూశాను. ఉప్పుగాలి. గుండె గుర్తు కాదు, మాటలు, నాకు రాసిన మొదటి మాటలు. 'వస్తాను. కథలో పెట్టనివి చాలా ఉన్నాయండీ. కొన్ని మీకు చెప్తే నవ్వుతారు, కొన్నిటికి తిడతారు. నా పేరు సుభాషిణి.'

"ఏమయ్యా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "కొవ్వొత్తులు ఇంకో పొట్లం తెచ్చుండాల్సింది."

"ఎందుకు? సరిపోతాయి."

"రేపు ఇంకో మనిషి వస్తాది. ఒక పిల్ల."

"ఎవురు?"

"వాడి పిల్ల," అన్నాను. పేరు పలకలేదు, పలకకుండానే కుంచె ఆగిపోయింది. చెప్పుల కోసం చూస్తాడనుకున్నాను. అవి పక్కనే ఉన్నాయి, నేను వాటి వైపు చూడకుండా అన్నీ ఒక్కసారిగా చెప్పేశాను, చెరువు, బురద, తాడేసి లాగిన తాత, గంజి ముక్కులోకి పోయిన రోజు, ఫోన్లో శుక్రవారం శుక్రవారం వచ్చింది, చదివేవాళ్ళు అలాంటి అబ్బాయిలు ఉండరన్నది. ఆయన వెనక్కి తిరగలేదు. కుంచె నుంచి నల్లరంగు చుక్క ఒకటి తెల్లటి సున్నం మీద పడింది, తుడవలేదు.

"బురదలో దిగబడినాడా?" అన్నాడు.

"మోకాలి దాకా."

"ఈత రాదు గదే వాడికి," అన్నాడు. "సుశీలుకి ఈత రాదు గదే." పేరు పలికిన సంగతి ఆయనకే తెలిసినట్టు లేదు. కుంచె డబ్బా మీద అడ్డంగా పెట్టి, కిందనే, సున్నం మరకల్లోనే చతికిలబడి, నా ఫోను వైపు గడ్డం ఎగరేశాడు. "మొదట్నించి చదువు."

అయిదు అక్షరాలు ఇంకా రాయాల్సి ఉండగానే నేను మొదటి భాగం తెరిచాను.